గడువు తీరిన చెట్టు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు నోటిమాటగా అన్నారు. దాన్ని లిఖితపూర్వకంగా, మూడు సంతకాలతో, గుండ్రటి ముద్రతో నిరూపించిన ఘనత మా ఆస్పత్రిది. ఆ ఫైలు నడిపినవాణ్ణి నేనే. పేరు దాలినాయుడు, ఉద్యోగం సీనియర్ అసిస్టెంటు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి నా చేతికి ఏ జబ్బూ లేదు గానీ ఎడమ మోకాలు పట్టేసింది.

మాది కొండల పక్కన చిన్న పట్నం. ఆస్పత్రి రెండంతస్తులు. లిఫ్టు ఉంది కానీ దానికి ఇంకా ప్రారంభోత్సవం కాలేదు. పైకి వెళ్ళాలంటే నలభై నాలుగు మెట్లు. వెనక పంపు గది పక్కన ఒక వావిలి చెట్టు ఉండేది. ఎప్పుడో వనమహోత్సవంలో ఎవరో నాటారు, తరవాత ఎవరూ పట్టించుకోలేదు. అందుకే బాగా పెరిగింది.

ఆ చెట్టుని మొదట వాడింది పైడమ్మ. వార్డులు తుడిచే మనిషి, కాంట్రాక్టరు కింద పని. యాభై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఎముకల డాక్టరు షకీలా గారు ఆమెకి మాత్రలిచ్చారు, కాళ్ళు చాపి చేసే కసరత్తు నేర్పారు. పైడమ్మ అవి చేస్తూనే, సాయంత్రం డ్యూటీ దిగాక నాలుగు వావిలి రెమ్మలు కోసుకుపోయి, ఆకు వెచ్చచేసి ఆముదం రాసి మోకాళ్ళకి కట్టుకునేది. ఒకరోజు భయం భయంగా డాక్టరమ్మకి చెప్పేసింది.

షకీలా గారు నవ్వి అన్న మాటలు నాకు బాగా గుర్తు. అప్పుడు నేను నా మోకాలు చూపించుకోవడానికి అక్కడే కూర్చున్నాను.

"కట్టుకో పైడమ్మా, హాయిగా ఉంటే మంచిదే. మాత్ర మాత్రం నన్నడక్కుండా మానకు. కడుపులోకి ఏ పొడి, ఏ కషాయం తీసుకున్నా ముందు నాకు చెప్పు. అంతే."

అంతే. ఆ మూడు ముక్కల మీదే మా ఆస్పత్రిలో మోకాళ్ళ వైద్యం నాలుగేళ్ళు నడిచింది. రోగులు కిటికీ దగ్గర మాత్రలు తీసుకునేవారు, పంపు గది దగ్గర పైడమ్మ చేతిలోంచి రెమ్మలు తీసుకునేవారు. నేనూ తీసుకునేవాణ్ణి. మాత్రతో మంట తగ్గేది, ఆకుతో బిగువు తగ్గేది, ఎవరూ ఎవరికీ దండం పెట్టనక్కర్లేకుండా పని జరిగిపోయేది. ప్రభుత్వ కార్యాలయంలో ఒక పని ఇంత సులువుగా జరుగుతోందంటే దానికి ఆయుష్షు తక్కువని నాకు అప్పుడే తోచాల్సింది.

మే నెలలో సంయుక్త సంచాలకులు త్రివిక్రమం గారు తనిఖీకి వచ్చారు. జీపు దిగడానికే ఆయనకి ఐదు నిమిషాలు పట్టింది. కుడి మోకాలు. మా సూపరింటెండెంటు పట్నాయక్ గారు దండ పట్టుకుని నిలబడి, వంగి వేయాలో, ఆయన నిటారుగా అయ్యేదాకా ఆగాలో తెలియక అవస్థపడ్డారు. అతిథి గృహానికి పక్కబట్టలు వెయ్యడానికి వెళ్ళిన పైడమ్మ ఆయన మూలుగు విని ఉండలేకపోయింది.

"తప్పుగా అనుకోకండి బాబూ. మీ మాత్తర మీరేసుకోండి. ఈ ఆకు కట్టుకుని తొంగోండి. తెల్లారి సూడండి."

తెల్లారి ఆయన మెట్లెక్కి రెండో అంతస్తు చూసి వచ్చారు. ఏ సంచాలకులూ అంతకుముందు రెండో అంతస్తు చూడలేదు. కిందికి దిగి, కళ్ళు చెమర్చగా, సమావేశ మందిరంలో అందరి ముందూ పైడమ్మని పిలిపించి నమస్కారం పెట్టారు. ఆ తరవాత మా వైపు తిరిగారు.

"ఇంతటి ప్రజోపయోగకరమైన కార్యక్రమం ఏ ఉత్తర్వు ప్రకారం జరుగుతున్నది?"

పట్నాయక్ గారు నా వైపు చూశారు, నేను బీరువా వైపు చూశాను.

"అంటే... ఉత్తర్వు లేకుండానే జరుగుతున్నదా?" అన్నారాయన, గుండె మీద చెయ్యి వేసుకుని. "ఎంత అన్యాయం! ఈ తల్లి సేవకి చట్టబద్ధత కల్పించే బాధ్యత నాది."

మెచ్చి మేకతోలు కప్పడమంటారే, అది ఆ రోజు కళ్ళారా చూశాను. పాపం పైడమ్మ కూడా ఆనందపడి దండం పెట్టింది.

మూడు వారాల్లో ఉత్తర్వు వచ్చింది. పద్నాలుగు పేజీలు. పేరు 'సమాన గౌరవ సమన్వయ కీళ్ళనొప్పుల నివారణ విధానం'. సారాంశం రెండు సూత్రాలు. మొదటిది: ఇంగ్లీషు మందుకీ ఆకు మందుకీ మధ్య ఎట్టి వివక్షా చూపరాదు, ఒకదానికి ఉన్న నియమం రెండోదానికీ ఉండవలెను. రెండోది: సమన్వయమనగా రెండూ కలిపి ఇచ్చుట, కావున కీళ్ళనొప్పి రోగికి ఏ ఒక్కదానినీ విడిగా ఇవ్వరాదు. అమలు బాధ్యత సూపరింటెండెంటుది. అంటే నాది.

మేము కమిటీ వేసుకున్నాం. పట్నాయక్ గారు అధ్యక్షులు, ఫార్మసిస్టు లక్ష్మణమూర్తి సభ్యుడు, నేను కార్యదర్శిని. షకీలా గారిని ఆహ్వానితురాలిగా పిలిచాం. అభిప్రాయం చెప్పవచ్చు, లెక్కలోకి రాదు అని దాని అర్థం.

"ముందుగా ఇంగ్లీషు మందుకి లేనిదీ, నాటుమందుకి ఉన్నదీ ఏమిటో గుర్తించాలి" అన్నారు పట్నాయక్ గారు.

లక్ష్మణమూర్తి వెంటనే అందుకున్నాడు. "పథ్యం సార్!"

నిజమే. నాటుమందు ఇచ్చిన ఏ వైద్యుడైనా పథ్యం చెప్పకుండా పంపడు. మాత్రలకి మాత్రం మేం ఇన్నాళ్ళూ ఏ పథ్యమూ లేకుండా ఇచ్చేశాం. ఇది వివక్ష కాక మరేమిటి? షకీలా గారు లేచి, కడుపు మంట పుట్టకుండా అన్నం తిన్నాక వేసుకోమని తాము చెబుతూనే ఉన్నామనీ, అంతకుమించి అక్కర్లేదనీ అన్నారు. అన్నం తినమనడం పథ్యం కాదనీ, తినొద్దనడమే పథ్యమనీ అధ్యక్షులు వివరించారు. గంటన్నర చర్చించి నొప్పి మాత్రకి వంకాయ, గోంగూర, చింతపండు, గుమ్మడికాయ, సొరచేప నిషేధించాం. బీరకాయ, పెసరకట్టు, పాత బియ్యం అనుమతించాం. సొరచేప లక్ష్మణమూర్తి కోరిక మీద పెట్టాం. వాళ్ళ ఇంట్లో ఎవరికో అది పడదట.

అన్యాయం చెప్పకూడదు, జనం సంబరపడిపోయారు. "ఇన్నాల్లూ పత్తెం సెప్పనేదు, అందికే తగ్గనేదు" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఎన్నడూ మాత్ర ముట్టనివాళ్ళు కూడా పథ్యం ఉందని తెలిసి వరస కట్టారు. చిక్కల్లా ఉత్తర్వులో ఉన్న ఇంకో వాక్యంతో వచ్చింది. 'పథ్యము పాటించినట్లు నిర్ధారించుకొనిన పిమ్మటనే తదుపరి మోతాదు ఇవ్వవలెను.'

మర్నాటి నుంచి మందుల కిటికీ దగ్గర విచారణ మొదలైంది.

"నిన్న ఏం కూర?" లక్ష్మణమూర్తి గొంతు పోలీసు గొంతైపోయింది.

"బీరకాయి బాబూ" అన్నాడు అప్పన్న అనే ముసలాయన, కర్ర మీద వాలి.

వెనక నిలబడ్డ ఆవిడ ఊరుకుంటే కదా. "అబద్దం బాబూ! ఆలింట్ల నిన్న ఎండు నెత్తల్లు వంకాయి. వాసన మా ఈదంతా కొట్టినాది."

అప్పన్న తల దించుకున్నాడు. "నెత్తల్లు ఏరుకుని తిన్నాను బాబూ. వంకాయి ముట్టనేదు. దేవుడి మీదొట్టు" అన్నాడు.

వంకాయతో ఉడికిన చేప వంకాయ కిందికి వస్తుందా రాదా అన్నది ఉత్తర్వులో లేదు. లక్ష్మణమూర్తి కార్యాలయానికి రాశాడు. నేను సంచాలకుల కార్యాలయానికి రాశాను. జవాబు వచ్చేదాకా అప్పన్నకి మాత్రలు ఆపేశాం. రోజూ వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. తొమ్మిదో రోజున జవాబొచ్చింది. 'విషయము పరిశీలనలో ఉన్నది.' అది చదివి వినిపిస్తే, "అయితే తగ్గుతాదా బాబూ?" అన్నాడు.

ఇక రెండో వైపు. ఇంగ్లీషు మందుకి ఉండి ఆకుకి లేనివేమిటి? తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచి నంబరు, మోతాదు.

మోతాదు దగ్గరే నాలుగు రోజులు పట్టింది. 'పూటకి పది ఆకులు' అని నేను రాశాను. వావిలికి ఒక్కో కాడకి ఐదు ఆకులు వేళ్ళు విప్పినట్టు ఉంటాయి. అది ఒక ఆకా, ఐదా? ఒకటైతే రోగికి యాభై వెళుతున్నాయి, ఐదైతే పదే. పైగా కొన్ని కాడలకి మూడే ఉన్నాయి. వాటిని నాసిరకం సరుకుగా తీర్మానించి పక్కన పెట్టించాం. పైడమ్మ గోడకి ఆనుకుని ఇదంతా చూస్తూ ఉంది.

"మూడైతే ఏటి బాబూ, అయిదైతే ఏటి? గుప్పెడు తీసి కట్టీడమే గదేటి" అంది.

"గుప్పెడు అనేది ప్రమాణం కాదు పైడమ్మా" అన్నాను నేను. ఇప్పుడు తల్చుకుంటే నా నాలుక నాకే చేదుగా ఉంది.

తయారీ తేదీ దగ్గర అసలు కథ అడ్డం తిరిగింది. ఉత్తర్వు ప్రకారం సరుకు తయారీ తేదీ అంటే ఆ సరుకునిచ్చే యూనిట్టు నెలకొల్పిన తేదీ. యూనిట్టు చెట్టు. చెట్టు మొదట్లో గడ్డి తప్పించి చూస్తే వనమహోత్సవం నాటి రాయి దొరికింది. పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై. ఆకు మందులన్నిటికీ గడువు ముప్ఫై ఆరు నెలలని పదకొండో పేజీలో ఉంది. లక్ష్మణమూర్తి వేళ్ళ మీద లెక్కేశాడు. మళ్ళీ వేశాడు. తరవాత మెల్లగా అన్నాడు.

"సార్... ఈ చెట్టుకి తొంభై నాలుగులోనే గడువు తీరిపోయింది."

పట్నాయక్ గారు నుదురు తుడుచుకున్నారు. "అంటే ఇన్నేళ్ళూ మనం ప్రజలకి కాలం చెల్లిన మందు ఇస్తున్నామా?"

"అది చెట్టండీ!" షకీలా గారు బల్ల మీద చరిచారు. "ఆకు పోయిన వారం వచ్చింది. కళ్ళతో చూడండి, లేతగా ఉంది!"

"చూడ్డానికి బాగున్నంత మాత్రాన గడువు తీరని మందు అనలేం కదమ్మా" అన్నారు అధ్యక్షులు, జాలిగా. "ఆహ్వానితుల అభిప్రాయం నమోదు చేసుకోవయ్యా నాయుడూ."

నమోదు చేశాను. ఆ సాయంత్రమే చెట్టు చుట్టూ ముళ్ళకంచె వేయించి, తలుపుకి తాళం పెట్టి, తాళంచెవి నా సొరుగులో వేసుకున్నాను.

ఆకు ఆగింది. ఆకు ఆగితే రెండో సూత్రం ప్రకారం మాత్రా ఆగింది, ఒకటి లేకుండా రెండోది ఇవ్వకూడదు కదా. ప్రజలకి రెండు వైద్యాలూ అందాలని పెట్టిన విధానం పుణ్యమా అని ఏదీ అందలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ కూర్చుని ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు.

షకీలా గారు రెండు రోజులు ఊరుకున్నారు. మూడో రోజు నుంచి మోకాళ్ళు పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ళకీ చీటీ మీద 'జ్వరము' అని రాయడం మొదలుపెట్టారు. జ్వరానికీ నొప్పికీ పనికొచ్చే మాత్ర ఒకటే ఉంది. జ్వరం మీద సమాన గౌరవం ఇంకా పడలేదు. అప్పన్నకి కూడా జ్వరం వచ్చి, మాత్ర దొరికి, నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. నెలాఖరుకి మా నివేదికలో కీళ్ళనొప్పులు సున్నా. మా ప్రాంతంలో కీళ్ళనొప్పులు నిర్మూలించినందుకు త్రివిక్రమం గారికి ప్రశంసాపత్రం వచ్చింది. జ్వరాలు విజృంభించినందుకు మాకు దోమల పొగ యంత్రం వచ్చింది.

మరి పైడమ్మ? ఆమెకి జ్వరం రావడానికి వీల్లేదు. ఆ నెలలోనే కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన తాలూకు సూపర్వైజరు వచ్చి పనివాళ్ళందరినీ నిలబెట్టి చెప్పాడు. ఆగస్టు ఇరవయ్యో తారీకున దారుఢ్య పరీక్ష. రెండు చేతులా రెండు నీళ్ళ బకెట్లు పట్టుకుని, ఎక్కడా దించకుండా, నలభై నాలుగు మెట్లూ ఎక్కాలి. ఎక్కలేనివాళ్ళు మర్నాటి నుంచి రానక్కర్లేదు. జ్వరం చీటీ ఉన్నవాళ్ళని వార్డుల్లోకి రానివ్వరు, పరీక్షకీ పిలవరు. షకీలా గారు సొంత సంచీలోంచి మాత్రలు తీసి ఇవ్వబోతే పైడమ్మ పుచ్చుకోలేదు. దొరికితే డాక్టరమ్మ ఉద్యోగానికి మాటొస్తుందని ఆమె భయం.

మందూ లేదు, ఆకూ లేదు. పది రోజులకి పైడమ్మ మెట్లు పక్కకి తిరిగి దిగడం మొదలుపెట్టింది. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో మోకాలు. ఒకనాడు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, రెండు రెమ్మలు ఇప్పించండి. ఎవులికీ సెప్పను. మెట్లెక్కలేపోతే నాకు పనుండదు. ఈ ఈడులో నన్నెవులు పెట్టుకుంతారు? ఇంట్ల నా ఒక్క సెయ్యే గదా."

తాళంచెవి నా సొరుగులో ఉంది. సొరుగు నా మోకాలికి తగులుతూనే ఉంది. ఆవిడ ఇచ్చిన ఆకు నాలుగేళ్ళు కట్టుకున్న మోకాలు అది.

"కాలం చెల్లిన మందు ఇవ్వడం నేరం పైడమ్మా. ఒక దరఖాస్తు పెట్టుకో, పైకి పంపిస్తాను" అన్నాను.

"అలగే బాబూ" అంది. తిట్టలేదు, ఏడవలేదు. గోడ పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రంతా సిగ్గుపడ్డాను. సిగ్గుపడి, మర్నాడు యథాప్రకారం పదిన్నరకి ఆఫీసుకి వచ్చాను.

గడువు తీరిన మందుల్ని ఊరికే ఉంచకూడదు. ముగ్గురు సభ్యుల సమక్షంలో ధ్వంసం చెయ్యాలి. జూలై పన్నెండున, సన్నగా వాన పడుతూండగా, పట్నాయక్ గారు గొడుగు కింద, లక్ష్మణమూర్తి అరుగు మీద, నేను కాగితాలు తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని నిలబడ్డాం. వాచ్‌మన్ గొడ్డలితో చెట్టు కొట్టాడు. ఆకంతా దూసి గోతిలో పూడ్పించాం. వేళ్ళతో సహా మొద్దు పెకలించాం. 'సరుకు పూర్తిగా ధ్వంసము చేయబడినది' అని రాసి ముగ్గురం సంతకాలు చేశాం. రోగులు కొందరు దూరంగా నిలబడి చూశారు.

కొమ్మలు మాత్రం మిగిలాయి. కొమ్మలు మందు కావు, వాటి గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. ఏం చెయ్యాలో తోచక చూస్తున్నాం. అప్పుడు పైడమ్మ చీపురు పట్టుకుని ముందుకొచ్చింది.

"బాబుగోరూ, కొత్త బోర్డు ఒచ్చి నెలయినాది, నిలబెట్టడానికి గుంజలు నేవని వరండాల పడీసినారు. ఈ కర్రలు బాగున్నాయి గదా. పాతీండి."

పట్నాయక్ గారు సంతోషించారు. 'సమాన గౌరవ సమన్వయ కీళ్ళనొప్పుల నివారణ విభాగము' అని రాసిన ఆ రేకు బోర్డు ఆరడుగుల వెడల్పు ఉంటుంది. గుంజల కోసం నేను రెండు సార్లు పైకి రాసి ఊరుకున్నాను.

"ఎక్కడ పాతమంటావే?" అన్నాడు వాచ్‌మన్.

"ఆ కుళాయి పక్కన. అందరూ సూస్తారు. ఒరే, మొదలు కిందకి పెట్టు, సివర పైకి. తలకిందులు సేసీకు."

ఆ మాట నేను విన్నాను. విని కూడా, అంత బాధలో ఉన్న మనిషి బోర్డు గురించి ఎందుకు ఇంత శ్రద్ధ పడుతోందని అనుకున్నానే తప్ప నా బుర్రకి ఇంకేమీ తట్టలేదు. నాలుగు గుంజలు పాతారు. సామాన్ల పుస్తకంలో ఫర్నిచరు కింద రాసుకున్నాను. 'బోర్డు ఒకటి, కర్రలు నాలుగు. స్థాపించిన తేదీ: జూలై పన్నెండు.'

ఆ కుళాయి దగ్గరే పైడమ్మ రోజూ తడిగుడ్డలు పిండుకునేది. ఆషాఢం వానలు ఎలాగూ ఉన్నాయి. ఆగస్టు మొదటి వారంలో ఒక ఉదయం సైకిలు ఆపుకుంటూ తల తిప్పి చూద్దును కదా, బోర్డు ఎడమ గుంజ కణుపుల దగ్గర చిగుళ్ళు! దగ్గరికెళ్ళి చూశాను. నాలుగు గుంజలూ చిగిర్చాయి. మధ్య గుంజల్లో ఒకదానికైతే 'నివారణ' అనే అక్షరాల మీదికి జానెడు రెమ్మ వాలింది. ఒక్కో కాడకి ఐదేసి ఆకులు. కొన్నింటికి మూడు.

అటు తిరిగితే పైడమ్మ. తడిగుడ్డ పిండుతూ నా ముఖమే చూస్తోంది. పక్షం రోజుల్లో పరీక్ష. ఆమె ఏమీ అడగలేదు. అడిగితే దరఖాస్తు పెట్టుకోమంటానని ఆమెకి తెలుసు.

నేను లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఉత్తర్వు తీసి పదకొండో పేజీ మళ్ళీ చదివాను. ఇరవై ఆరేళ్ళ నా విద్యంతా పెట్టి ఒక నోటు రాశాను. అంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు. 'పైన సూచించిన ఉత్తర్వు మేరకు సరుకు తయారీ తేదీ యనగా యూనిట్టు స్థాపించిన తేదీ. ప్రస్తుత యూనిట్టు ఈ సంవత్సరము జూలై పన్నెండున స్థాపించబడినట్లు సామాన్ల పుస్తకమున నమోదై యున్నది. కావున గడువు తీరుటకు ఇంకను సుమారు మూడు సంవత్సరములు కలవు. బ్యాచి నంబరు: ఎడమ గుంజ.' పట్నాయక్ గారు మూడు సార్లు చదివారు. తప్పు ఎక్కడుందో దొరకలేదు. ఉన్నదల్లా ఉత్తర్వులోనే ఉంది. సంతకం పెట్టేశారు.

సంతకం ఆరకముందే నేను కుళాయి దగ్గరికి వెళ్ళి రెండు రెమ్మలు విరిచి పైడమ్మ చేతిలో పెట్టాను. షకీలా గారు అదే రోజు చీటీ మీద మొదటి వరసలో మాత్ర, రెండో వరసలో ఆకు, పక్కన 'ఎడమ గుంజ' అని రాశారు. లక్ష్మణమూర్తి కిటికీలోంచి, "నిన్న ఏం కూర?" అన్నాడు.

"పెసరకట్టు బాబూ" అంది పైడమ్మ. వెనక నిలబడ్డవాళ్ళు ఎవరూ నోరెత్తలేదు. ఆమె ఇంట్లో ముందురోజు గోంగూర అని వీధి వీధంతా ఎరుగుదురు.

ఇరవయ్యో తారీకున మెట్ల దగ్గర పెద్ద గుంపు. సూపర్వైజరు చేతిలో గడియారం. పైడమ్మ కొంగు బిగించి, రెండు నిండు బకెట్లు ఎత్తుకుంది. నేను కింద నిలబడి మెట్లు లెక్కపెట్టాను. ఇరవై రెండో మెట్టు దగ్గర ఆగింది. నా లెక్కా ఆగింది. బకెట్లు దించలేదు, ఊపిరి పీల్చుకుంది, షకీలా గారు నేర్పినట్టు నొప్పి కాస్త తక్కువున్న కాలు ముందు వేసింది. నలభై నాలుగు. పైనుంచి మెట్ల మీద నీళ్ళు చుక్క ఒలకలేదు. సూపర్వైజరు ఆమె పేరుకి ఎదురుగా టిక్కు పెట్టాడు. నాకు కళ్ళు తడయ్యాయి. చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు, ఏడ్చాను.

సెప్టెంబరులో త్రివిక్రమం గారు బోర్డు ప్రారంభోత్సవానికి వచ్చారు. ప్రశంసాపత్రం కారు వెనక సీట్లో ఉంది, కుడి మోకాలు మాత్రం ఎప్పటిలాగే ఉంది. కీళ్ళనొప్పులు నిర్మూలించిన మనిషి కదా, నలుగురిలో మోకాలు పట్టుకోలేక పళ్ళు బిగించి నడిచారు. బోర్డు ముందు ఆగి తలెత్తి చూశారు. పచ్చగా గుబురు కట్టేసింది. అక్షరాల్లో 'సమాన' ఒక్కటే కనిపిస్తోంది.

"ఏమిటిది?"

"బోర్డు సార్" అన్నాను.

"ఆకులున్నాయేమిటయ్యా?"

"ఫర్నిచరు సార్. పుస్తకంలో రాసి ఉంది."

ఆయన నా ముఖం చూశారు, నేను బోర్డు చూశాను. రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టాం. భోజనాలయ్యాక మందీ మార్బలాన్ని లోపలే ఉంచి ఆయన ఒక్కరే కుంటుకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళారు. నేను వరండా స్తంభం పక్కన ఉన్నాను. పైడమ్మ గుడ్డలు పిండుతోంది.

"అమ్మా" అన్నారు సంయుక్త సంచాలకులు, గొంతు తగ్గించి. "ఆ వేళ ఇచ్చావే... ఒక గుప్పెడు..."

పైడమ్మ చేతులు తుడుచుకుంది. ఎడమ గుంజ నుంచి రెండు రెమ్మలు విరిచింది. ఇవ్వబోతూ ఆగి, ఆయన్ని తేరిపార చూసింది.

"మాత్తర మానకండి బాబూ. ఆముదం రాసి కట్టుకోండి. దీనికి పత్తెం ఉంది మరి."

"చెప్పమ్మా, ఏదైనా మానేస్తాను. వంకాయా? గోంగూరా?"

"అయ్యన్నీ తినండి. తగ్గినాదని మాత్తరం ఎవులికీ సెప్పకూడదు" అంది పైడమ్మ. "సెప్పినారంటే సెట్టు సచ్చిపోతాది."